మట్టిగోడకు నార బలము

ప్రతి సంవత్సరము ఆశ్వయుజ కార్తిక మాసములు వచ్చుసరికి మన తీరమున తుపాను భయము పుట్టును. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటి, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలను గూడ బాధించినది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానమునందలి కొబ్బరితోటలను జీడితోటలను నేలగూల్చినది. ఇట్టి వానలు వెలిసిన పిమ్మట గ్రామములలో తిరిగి చూచినవారికి ఒక సంగతి కానవచ్చును. పడిన మట్టిగోడలలో చాలవరకు తలవైపున గాక పాదమువైపున చెడినవై యుండును. గోడ అడుగున నీరు నిలిచి, మన్ను నాని, ముద్దయై జారగా, పైభాగము తన బరువుతో తానే ఒరిగిపోవును. రాత్రివేళ అట్లు ఒరిగిన గోడక్రింద మనుష్యులును పశువులును చిక్కుకొనుట మన మెరిగినదే.

ఆ భయముచేతనే కొంచెము చేతనున్న రైతు మట్టియిల్లు విడిచి కాల్చిన ఇటుకకును సిమెంటుకును పోవుచున్నాడు. చేత లేనివాడు అప్పుచేసి పునాది వేసి, గోడలు మొలయెత్తు లేచుసరికి డబ్బు చాలక నిలిపివేయుచున్నాడు. వడ్డి మాత్రము నిలువదు. ఈ రెండింటికి నడుమ ఒక మార్గము కలదు. మన పొలములో పండిన నారనే తగు పాళ్ళలో మట్టికి కలిపి, అచ్చు వేసి, చక్కగా ఆరబెట్టిన పచ్చియిటుకలతో గోడ కట్టుట ఆ మార్గము. దాని గుణమును, దాని మితిని గూడ సంఘ సభ్యులకు తెలియజేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గోడ ఎందుచేత పడును?

మట్టిగోడకు బలము చాలదని మనవారు అనుకొందురు. లెక్క వేసి చూతము. 7 అడుగుల ఎత్తుగల మట్టిగోడ అడుగున ఒక చదరపు సెంటీమీటరు చోటుపై పడు బరువు సుమారు 400 గ్రాములు మాత్రమే. దానిపై తాటాకు కప్పో, పెంకు కప్పో వేసినను ఆ బరువు సామాన్యముగా ఒక కిలోకు మించదు. చక్కగా ఎండిన మంచి పచ్చియిటుక అదే చోటుపై 10 కిలోలు మొదలు 20 కిలోల వరకు మోయగలదు. కాబట్టి ఒంటి అంతస్తు ఇంటికి ఎండిన మట్టి బలము చాలినంత కలదు. గోడను చెరుచునవి మూడు. మొదటిది ఎండునప్పుడు పుట్టు బీటలు. రెండవది ఆ బీటలలోనికిని పాదములోనికిని దిగు నీరు. మూడవది పైకప్పును లాగు గాలి. బాగుగా నానిన మట్టికి ఎండినప్పటి బలములో కొద్దిభాగము మాత్రమే మిగులును.

ఈ మూడింటిలో నార మొదటిదానిని చాలవరకు నివారించును. రెండవ మూడవ వాటి విషయమున కొంత సాయము మాత్రమే చేయును. నార గోడను రాయిగా మార్చదు. గోడను పగులనీయదు, పగిలినను ముక్కలుగా విడిపోనీయదు. నీటిని ఆపు భారము కట్టువానిపై నున్నది. ఈ ఒక్క మాట మనసున నుంచుకొన్నచో మిగిలిన వ్యాసము సులభముగా బోధపడును.

పెద్దల ఆచారము

ఇది క్రొత్త విద్య కాదు. మన సముద్రతీరపు గ్రామములలో ఒకప్పుడు విరివిగా నుండిన చుట్టిండ్లను పెద్దలు ఎరుగుదురు. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖాకారముగా లేచిన తాటాకు కప్పు, ఆ కప్పు చూరు మనిషి వంగి దూరవలసినంత క్రిందికి దిగియుండుట దాని లక్షణము. గుండ్రని ఇంటికి మూలలు లేవు గనుక గాలి దానిని పట్టి త్రోయజాలక ప్రక్కలకు జారిపోవును. చూరు క్రిందికి దిగియుండుటచేత వాన గోడకు తగులదు. ఆ గోడకు వాడు అడుసులో వరిగడ్డి కలిపి తొక్కుట పెద్దల వాడుక. గడ్డి లేని అడుసు బీటలు వారునని వారికి అనుభవమువలన తెలియును.

ఇతర దేశములందును ఇదే వాడుక. బైబిలు గ్రంథమున నిర్గమకాండము చదివినవారికి ఐగుప్తు దేశపు ఇటుకల కథ జ్ఞాపకముండును. ఇశ్రాయేలీయులకు గడ్డి ఇచ్చుట మానివేసి, వారే ఏరుకొని తెచ్చుకొనవలెననియు, ఇటుకల లెక్క మాత్రము తగ్గరాదనియు ఆ దేశపు రాజు ఆజ్ఞాపించెను. గడ్డి లేక ఇటుక పనికిరాదని ఆ రాజునకును ఆ కూలీలకును గూడ తెలియును గనుకనే అది శిక్ష అయినది. మన కాలమున బ్రెజిలు మొదలగు దేశములందు శాస్త్రజ్ఞులు కొబ్బరిపీచును, కిత్తనారను మట్టిలో కలిపి పరీక్షించి, బీటలు తగ్గుననియు, దిమ్మె ఒక్కసారిగా విరుగక ముందుగా సూచన ఇచ్చి విరుగుననియు కనుగొన్నారు.

నార చేయు పని ఎట్టిది?

తడిసిన బంకమట్టి ఉబ్బును, ఎండునప్పుడు కుంచించుకొనును. ఇటుక వెలుపలి భాగము ముందు ఎండి కుంచించుకొనును. లోపలి భాగము ఇంకను తడిగా నుండి దానికి లొంగదు. ఈ లాగులాటలో వెలుపలి భాగము చీలును. అదియే బీట. బీట పుట్టినచోట అడ్డముగా ఒక నారపోగు ఉన్నయెడల, అది రెండు ఒడ్డులను పట్టుకొని బీటను వెడల్పు కానీయదు. ఒక పెద్ద బీటకు మారుగా కంటికి కానరాని సన్నని గీతలు పుట్టి ఆగిపోవును. చేపల వల దెబ్బను ఒక్క ముడిమీద పడనీయక అన్ని ముడులకు పంచునట్లే, చెదరియున్న నారపోగులు లాగుడును ఇటుకయంతటికి పంచును.

అయితే నార వేసినకొలది బలము పెరుగునని తలంపరాదు. నార మట్టికంటె తేలిక. దానిచుట్టు గాలి చేరును. మితిమీరి వేసినచో ఇటుక బోలుగా నగును. మితముగా వేసినప్పుడు సైతము బరువు మోయు శక్తి కొంచెము పెరుగవచ్చును, ఒకొక్కప్పుడు కొంచెము తగ్గవచ్చును. మనము కోరునది అది కాదు. బీట వారకుండుట, విరిగినను చెదరకుండుట మనము కోరు ఫలము.

మన జిల్లాలలో దొరకు నారలు

వరిగడ్డి: అందరికి దొరకును. పరక పైతొక్క నునుపుగా నుండుటచేత మట్టి దానిని గట్టిగా పట్టదు. అందుచేత గడ్డిని 2 అంగుళముల ముక్కలుగా తరిగి, అడుసులో కలిపి, 5 మొదలు 7 దినములు నానవేసి మధ్య మధ్య తొక్కవలెను. గడ్డి కొంత మగ్గి మెత్తనగును; అడుసు జిగటగా తయారగును. 100 కిలోల పొడిమట్టికి 1 కిలో మొదలు 1½ కిలో గడ్డి చాలును.

గోగునార: ఈ రెండు జిల్లాల మెట్టపొలములలో వానల ఆధారమున చిరకాలము పండించిన పంట ఇది. ఆమదాలవలసయందలి వ్యవసాయ పరిశోధన స్థానమున దీనిపై కృషి జరుగుచు వచ్చినది. నెల్లిమర్ల, బొబ్బిలి వంటి చోట్ల వెలసిన జనపనార మిల్లులకు మన గోగునార పోవుచుండెడిది. సంచులకు ప్లాస్టిక్కు వచ్చిన తరువాత గిరాకి పడిపోయి, గోగు సాగును తగ్గినది. నారయొక్క మొదటిభాగమున బెరడు వదలక గట్టిగా నుండు ముక్కలకును, తెగిన పొట్టినారకును వర్తకుడు మంచి ధర కట్టడు. ఇటుకకు ఆ ముక్కలే చాలును. మంచి నారను మట్టిలో కలుపనక్కరలేదు. గోగునార లాగుటకు మిక్కిలి గట్టిది. కాని అది సాగదు. తెగకముందు తన నిడివిలో 100కి సుమారు 2 పాళ్ళు మాత్రమే సాగును. తడిలో నిలువయున్నచో త్వరగా కుళ్ళును.

కొబ్బరిపీచు: కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కావలసినంత దొరకును. లాగుటలో గోగునారకు సాటి రాదు గాని, తెగకముందు 100కి 15 పాళ్ళకు మించి సాగును. కావున విరిగిన ఇటుకను పట్టి నిలుపుటలో మేలైనది. కొయ్యకు గట్టిదనమిచ్చు లిగ్నిన్ అను పదార్థము దీనిలో 100కి 40 పాళ్ళవరకు ఉండుటచేత మిగిలిన నారలకంటె తడికి ఎక్కువకాలము ఆగును. పీచుతోకూడ వచ్చు కొబ్బరిపొట్టును మాత్రము జల్లించి తీసివేయవలెను. ఆ పొట్టు నీటిని పీల్చి ఇటుకను బోలుచేయును.

తాటినార: మట్టకు మొదట దొరకు గట్టి పీచు ఇది. మిక్కిలి బిరుసు గనుక ఒక అంగుళము మించకుండ నరికి వాడవలెను.

మట్టిని ఎంచుట

నార మంచిదైనను మట్టి చెడ్డదైనచో శ్రమ వృథా. పైపొర మట్టి పంటకు ప్రాణము; దానిలో వేళ్ళు, ఎరువు ఉండును గనుక ఇటుకకు పనికిరాదు. దానిని ప్రక్కకు తీసి, అడుగున్నర క్రిందినుండి మట్టిని తవ్వి, తిరిగి పైపొరను గుంటలో వేయవలెను. సముద్రపు ఉప్పు తగిలిన నేలమట్టిని ముట్టరాదు. ఎండిన తరువాత ఉప్పు పైకి పూసి గోడ పొరలు పొరలుగా రాలును. మన ఎర్రనేలల మట్టి చాలచోట్ల ఈ పనికి అనుకూలము. నల్లరేగడి ఒక్కటే వాడినచో విపరీతముగా బీటలు వారును. దానికి ఇసుక కలుపవలెను.

మట్టిని తెలిసికొనుటకు మూడు పరీక్షలు ఇంటివద్దనే చేయవచ్చును.

1. గాజుసీసాలో మూడవవంతు మట్టి, మిగిలినది నీరు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగుగా కుదిపి ఒకనాడు కదలక ఉంచుడు. ఇసుక అడుగున, ఒండ్రు నడుమ, బంకమన్ను పైన పొరలుగా దిగును. చేతి అచ్చుతో వేయు ఇటుకకు బంకమన్ను మొత్తములో 5వ వంతుకు అటునిటుగాను, ఇసుక సగముకంటె కొంచెము హెచ్చుగాను ఉండుట మేలు.

2. తడిమట్టితో గోలీలంత ఉండలు 5 లేక 6 చేసి, 2 దినములు ఆరనిచ్చి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కుడు. ఒక్కటియు నలుగకున్నచో బంకమన్ను చాలినంత కలదు. నలిగి పొడియైనచో ఆ మట్టి పనికిరాదు. మట్టియిండ్లనుగూర్చి భారత ప్రమాణముల సంస్థ 1993లో ప్రకటించిన మార్గదర్శకములలో ఈ పరీక్ష చెప్పబడినది.

3. రెండడుగుల పొడవు, ఒకటిన్నర అంగుళము వెడల్పు, అంతే లోతుగల చెక్కపెట్టెలు రెండు చేయించి లోపల నూనె పూయుడు. ఒకదానిలో వట్టి అడుసును, రెండవదానిలో నార కలిపిన అడుసును నింపి వారము దినములు నీడలో ఆరబెట్టుడు. వట్టి అడుసు ఒక అంగుళముకంటె ఎక్కువ కుంచించుకొన్నచో ఆ మట్టికి ఇసుక కావలయును. రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో నార చేయు మేలు కంటికి కట్టినట్లు తెలియును. ఉపన్యాసములకంటె ఈ రెండు పెట్టెలు రైతును త్వరగా ఒప్పించును.

ఇటుక వేయు విధము

ఒక ఇటుక 12 అంగుళముల పొడవు, 6 అంగుళముల వెడల్పు, 4 అంగుళముల మందము ఉండునట్లు అచ్చు చేయించుడు. ఎండిన పిమ్మట అట్టి ఇటుక సుమారు 8 కిలోలు తూగును. గోగునార గాని కొబ్బరిపీచు గాని 100 కిలోల పొడిమట్టికి అరకిలో చాలును. అనగా ఇటుక ఒక్కింటికి 40 గ్రాములు. అనుభవము వచ్చినవారు ఒక కిలోవరకు పోవచ్చును, అంతకు మించరాదు.

ఇచ్చట నా పొరపాటు ఒకటి చెప్పుకొనవలెను. మొదటిసారి ఒక గ్రామమున ప్రదర్శనకై ఇటుకలు వేయించినప్పుడు, గట్టిగా ఉండవలెనను ఆశతో మూరెడు నిడివి గోగునారను తరుగకయే, తూచకయే గుప్పిళ్ళతో అడుసులో వేయించితిని. తొక్కినకొలది నార చిక్కుపడి ఉండలు కట్టినది. ఆరిన తరువాత ఇటుకను విరువగా లోపల పిచ్చుకగూడువంటి నారముద్దలు కానవచ్చినవి. కొన్నింటిలో బూజు పట్టియుండెను. అక్కడనున్న ఒక ముసలి రైతు దానిని చేతబట్టి, "బాబూ, కూరలో ఉప్పు వేసినట్టు వెయ్యాలి గాని, పశువుకి గడ్డి వేసినట్టు వేస్తారా?" అని నవ్వెను. అంతకంటె మంచి పాఠము నాకు ఏ పుస్తకమునందును దొరకలేదు.

కావున క్రమము ఇట్లు పాటింపవలెను. నారను బాగుగా ఎండబెట్టి, దుమ్ము దులిపి, ఒకటి మొదలు రెండంగుళముల ముక్కలుగా తరుగవలెను. మట్టిని జల్లించి, గడ్డలు లేకుండ నీరు పోసి, ఒక రాత్రి నాననీయవలెను. కలుపుటకు ముందు నారపై నీరు చిలుకరించి తడుపవలెను. పొడినార అడుసులోని నీటిని పీల్చి, తనచుట్టునున్న మట్టిని ముందుగా ఎండజేయును. తడిసిన నారను వేళ్ళతో విడదీయుచు అడుసుపై పలుచగా చల్లి తొక్కవలెను. మరల చల్లి మరల తొక్కవలెను. ఒక్కసారి కుమ్మరింపరాదు. అచ్చును నీట ముంచి, అడుసును బలముగా విసరి మూలలు నిండునట్లు నొక్కి, పైన చదునుచేసి, అచ్చును నిట్టనిలువుగా ఎత్తవలెను. ఇటుక జారి పరచుకొన్నచో నీరు ఎక్కువ. మూలలు చిరిగినచో నీరు తక్కువ.

మొదటి 3 దినములు ఎండ నేరుగా తగులకుండ తాటాకులో గడ్డియో కప్పవలెను. తొందరపడి ఎండబెట్టుటయే బీటలకు మొదటి కారణము. పిమ్మట ఇటుకలను ప్రక్కకు నిలిపి గాలి ఆడనిచ్చి, మొత్తము 4 వారములు ఆరబెట్టవలెను. లోపల తడి మిగిలినచో నార కుళ్ళును, చెదలు చేరును.

ఇటుకను పరీక్షించుట

నాలుగు వారములు ఆరిన ఇటుకలలో 10 ఏరి, రెండు ఇటుకలపై మూడవదానిని వంతెనవలె పరచి, దాని నడుమ ఒక పెద్దమనిషి నిమిషముపాటు నిలువవలెను. విరుగకున్నచో ఇటుక మంచిది. తరువాత వట్టి ఇటుకను, నార ఇటుకను మొలయెత్తునుండి గట్టినేలపై జారవిడువుడు. వట్టిది ముక్కలగును. నారది బీట వారినను ముక్కలు విడిపోక వ్రేలాడుచుండును. ఇంటిలో నిద్రించువారికి ఆ వ్యత్యాసము ప్రాణముతో సమానము. గోడ ఒక్కసారి కూలుటకును, ముందు బీట చూపి నిలుచుటకును నడుమ బిడ్డలను ఎత్తుకొని బయటికి పోవు వ్యవధి కలదు.

చివరగా రెండు ఇటుకలను నీటితొట్టిలో వేయుడు. కొంతసేపటికి రెండును కరగును. నారయిటుక కొంచెము ఆలస్యముగా కరుగును, అంతే. ఈ పరీక్షను కావలెననియే చేసి చూపవలెను. నార ఉన్నది గదా అని పాదము రక్షణను మరచువాని గోడ ఆ తొట్టిలోని ఇటుకవలెనే అగును.

గోడకు పాదరక్ష, గొడుగు

నేలమట్టమునకు ఒకటిన్నర మొదలు రెండడుగుల ఎత్తువరకు రాతికట్టు గాని కాల్చిన ఇటుకల కట్టు గాని ఉండవలెను. డబ్బు ఖర్చు పెట్టదలచినచో ఇచ్చటనే పెట్టవలెను. దానిపై తడి ప్రాకకుండ సిమెంటుపూత గాని మందపు ప్లాస్టిక్కు పట్టా గాని వేసి, ఆ పైన పచ్చియిటుక ఆరంభింపవలెను. ఇంటిచుట్టు నేల వాలుగా నుండి నీరు దూరముగా పోవలెను. చూరు గోడనుండి రెండడుగులైనను ముందుకు రావలెను. అంతకు మించి చాలదూరము చాచినచో గాలి దానిని క్రిందినుండి ఎత్తును.

గోడ ఎత్తు దాని మందమునకు 8 రెట్లు మించరాదు. అనగా అడుగు మందము గోడ 8 అడుగులకు మించరాదు. అడ్డగోడ గాని ఆసరాకట్టు గాని లేకుండ గోడ పొడవును మందమునకు 9 రెట్లు మించనీయకుండుట క్షేమము. వాకిళ్ళు, కిటికీలు మూలలకు దగ్గరగా ఉంచరాదు. వాటి వెడల్పు 4 అడుగులు దాటరాదు. గోడ తలపై నాలుగు ప్రక్కల కొయ్యపట్టీలు పరచి, మూలలవద్ద మేకులతో బిగించి, కప్పు వాసములను వాటికి కట్టవలెను. ఆ పట్టీలను గోడలోనికి దింపిన తీగెలతోనో త్రాళ్ళతోనో మూడడుగుల క్రిందివరకు బంధింపవలెను. గాలి కప్పును లాగినప్పుడు గోడ బరువంతయు దానిని పట్టియుంచును.

ఇటుకల నడుమ వాడు అడుసులోను, పైపూతలోను గూడ నార ఉండవలెను. పూతకు అరంగుళము నిడివి ముక్కలు మేలు. పేడ, మట్టి, సన్నని నార కలిపి ఏటేట తొలకరికి ముందు అలుకుట మన ఆడువారు ఎరిగిన విద్యయే. దానిని మొరటుదని విడిచి మట్టిగోడపై సిమెంటు పూయువారు కలరు. సిమెంటుపూత మట్టితో కలియదు. దాని బీటలలో దిగిన నీరు బయటికి రాజాలక లోపల గోడను నానజేయును. పైకి అందముగా నుండి లోపల చెడిన గోడ అన్నిటికంటె అపాయకరము.

సిమెంటు కలుపవచ్చునా?

వాన ఎక్కువగా తగులు గోడకు మట్టిలోనే 100కి 5 మొదలు 8 పాళ్ళు సిమెంటు కలిపి, చేతియంత్రముతో గట్టిగా నొక్కి దిమ్మెలు వేయు పద్ధతి కలదు. 1950 తరువాతి దశకమున దక్షిణ అమెరికాయందలి కొలంబియా దేశమున ఇట్టి చేతియంత్రము పుట్టినది. మన దేశమున బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థవారును, పుదుచ్చేరి సమీపమున ఆరోవిల్‌నందలి మట్టికట్టడముల సంస్థవారును ఈ విద్యను పెంపొందించిరి. అట్టి దిమ్మెలను 3 మొదలు 4 వారములు తడిపి ఉంచవలెను. అవి నీట కరుగవు. కాని సిమెంటులోను సున్నములోను గల క్షారము నారను క్రమముగా తినివేయును. కాబట్టి సిమెంటు కలిపినచోట గోగునారను వాడక, క్షారమునకు కొంత ఆగు కొబ్బరిపీచునే, అదియు తక్కువపాళ్ళలో వాడుట మంచిది. ప్రభుత్వ సాయముతో ఇల్లు కట్టుకొనువారు ఏ పద్ధతి అనుమతింపబడునో ముందుగా ఇంజనీరును అడిగి తెలిసికొనవలెను.

ఒక గదికి లెక్క

లోపల 9 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు, రాతికట్టుపైని 7 అడుగుల ఎత్తు, అడుగు మందము గోడలుగల ఒక గదిని తీసికొందము. వాకిలి, రెండు కిటికీలు తీసివేయగా గోడ సుమారు 250 ఘనపుటడుగులు. అరంగుళము అడుసు సందు ఉంచినచో సుమారు 1,200 ఇటుకలు పట్టును. విరిగినవాటికై మరి 100 కలిపి 1,300 వేయవలెను. దానికి పొడిమట్టి పదిన్నర టన్నులు, నార 52 కిలోలు కావలయును. పొట్టినార, మొదటి ముక్కలు కూడబెట్టుకొన్న గోగురైతునకు ఇది అసాధ్యము గాదు. కాల్చుటకు కట్టె అక్కరలేదు, బండిబాడుగ లేదు. కాలమును కూలియు మాత్రము కావలయును. ఆ కూలిని ఇరుగుపొరుగులు బదులు చేసికొనవచ్చును.

సంఘము చేయదగిన పని

కాలము గూడ మనకు అనుకూలముగా నున్నది. గోగు కోసి, ఊరవేసి, నార తీయుట కార్తికమునకు ముగియును. వరిగడ్డి సంక్రాంతికి చేతికి వచ్చును. కొబ్బరిపీచు సంవత్సరమంతయు దొరకును. మాఘమునుండి వైశాఖమువరకు వాన తక్కువ, పొలములో పని తక్కువ. ఆ నాలుగు మాసములలో ఇటుకలు వేసి, ఆరబెట్టి, గోడలు లేపి, తొలకరికి ముందు కప్పు వేయవచ్చును.

ఒక్కొక్క రైతు ఒంటరిగా దీనికి పూనుకొనుటకంటె సంఘము పూనుకొనుట మేలు. సంఘము రెండు మూడు అచ్చులను, పరీక్షపెట్టెలను, ఒక త్రాసును కొని సభ్యులకు వంతులవారిగా ఇయ్యవచ్చును. వర్తకుడు తిరస్కరించిన నారముక్కలను సభ్యులవద్ద తూచి కొని, ఇల్లు కట్టు సభ్యులకు అదే ధరకు ఇయ్యవచ్చును. అట్లు చేసినచో పారవేయు వస్తువుకు వెల వచ్చును. ఇల్లు కట్టువాని అప్పు తగ్గును. మొదటి సంవత్సరము నివాసగృహము జోలికి పోక, ఒక పశువుల కొట్టము గోడనో, ఎరువుల గదినో కట్టి ఒక వానకాలము చూడుడు. అక్టోబరు గడచిన తరువాత సభ్యులందరు కూడి ఆ గోడ పాదమును, మూలలను, చూరుక్రింది భాగమును పరీక్షించి, మంచిచెడ్డలు సంఘపు పుస్తకమున వ్రాయుడు. నచ్చినచో మరుసటి యేడు ఇండ్లకు పూనుకొనవచ్చును.

మన తాతలు ఇచ్చిన మట్టివిద్యను మనము చులకనచేసి విడిచితిమి. దానిలోని లోపము మట్టిది కాదు, మన అజాగ్రత్తది. తగిన మట్టి, తూచిన నార, ఓపికతో ఆరిన ఇటుక, పొడిగా నున్న పాదము, దిగువకు వంగిన చూరు ఈ ఐదును కుదిరిన ఇంటిలో బీదరైతు సైతము తుపాను రాత్రి బిడ్డలను ప్రక్కన వేసికొని ధైర్యముతో పండుకొనగలడు.